విద్యానగర్ గల్లీలో 72 గజాల పాత ఇల్లు: మొదటి ఇల్లుగా కొనవచ్చునా?

ప్రశ్న: అద్దె ఇంటి వాసి

అందరికీ నమస్కారం. మేమిద్దరం ఉద్యోగులం, నాలుగేళ్ల పాప ఉంది. ఆరేళ్లుగా రామంతాపూర్‌లో నెలకు 16,000 అద్దె కడుతున్నాము. ఈ సంవత్సరం ఎలాగైనా సొంత ఇల్లు చూసుకోవాలని తిరుగుతున్నాము. మేము కూడబెట్టినది 24 లక్షలు. ఘట్‌కేసర్, పోచారం వైపు కొత్త అపార్ట్‌మెంట్లు కొన్ని చూశాము. అవి బాగానే ఉన్నాయి గాని, నా కార్యాలయం బేగంపేటలోను, నా భార్య పనిచేసే రక్తపరీక్షల ల్యాబు నారాయణగూడలోను ఉన్నాయి. పరగడుపున రక్తం ఇచ్చేవారు తెల్లవారగానే వస్తారు కాబట్టి ఆమె ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. ఘట్‌కేసర్ నుంచి అది రోజూ సాగే పని కాదు.

ఇంతలో విద్యానగర్, నల్లకుంటల మధ్య ఒక గల్లీలో పాత ఇల్లొకటి అమ్మకానికి వచ్చిందని తెలిసింది. స్థలం 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు, అంటే సరిగ్గా 72 గజాలు. అమ్మేవారి తండ్రి 1976లో స్థలం కొని, 1978లో ఇల్లు కట్టించారట. ముందుగది, పడకగది, వంటగది రైలు డబ్బాల్లా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. చివర స్నానాలగది, మరుగుదొడ్డి. మేడమీద తరువాత వేసుకున్న రేకుల గది ఒకటి ఉంది. గల్లీ వెడల్పు పన్నెండు అడుగులకు మించదు. మాకు కారు లేదు కాబట్టి దాని గురించి అంతగా బెంగ లేదు.

కంటికి కనిపించినవి చెబుతాను. ముందుగది పైకప్పుకు అరచేయంత మేర పెచ్చు ఊడి, రెండు ఇనుప చువ్వలు తుప్పు రంగులో బయటపడ్డాయి. వంటగది గోడకు మోకాలి ఎత్తు వరకు ఉప్పు పూసినట్టు తెల్లగా ఉంది. మిగతా గోడలకు మాత్రం ఈ మధ్యనే రంగు వేశారు, ఆ వాసన ఇంకా పోలేదు. నేల షాబాదు బండలు, తలుపులు టేకు. గేటు దాటి లోపలికి వెళ్లాలంటే ఒక మెట్టు కిందికి దిగాలి. మొదటిసారి చూసుకోక నేను తూలాను కూడా.

అడుగుతున్న ధర 78 లక్షలు. అమ్మేవారు ఇద్దరు అన్నదమ్ములు. కాగితం మీద 48 లక్షలు చూపించి మిగతాది చేతికి ఇమ్మంటున్నారు, "రిజిస్ట్రేషన్ ఖర్చు మీకే కలిసొస్తుంది" అంటున్నారు. ఇటువంటి పాత చిన్న ఇంటికి విలువ ఎలా కట్టాలో, చూడడానికి వెళ్లినప్పుడు ఏమేమి పరీక్షించాలో, ఆ చుట్టుపక్కల పరిస్థితి ఎలా తెలుసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. మరమ్మతు చేసుకుని ఉండడమా, కొన్నాళ్లకు పడగొట్టి కట్టుకోవడమా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాము.

సమాధానం 1: విశ్రాంత సివిల్ ఇంజినీరు

ముందుగా ధర చూడండి. 78 లక్షలను 72తో భాగిస్తే గజానికి లక్షా ఎనిమిది వేల చిల్లర పడుతుంది. అంటే వారు మీకు స్థలం అమ్ముతున్నారు; నలభై ఎనిమిదేళ్ల కట్టడానికి ధర పెట్టినా పెట్టకపోయినా ఒకటే. కాని మీకు మాత్రం ఆ కట్టడానికి విలువ ఉన్నది. ఇల్లు కొన్న తరువాత మీ చేతిలో కొత్తగా కట్టుకునే డబ్బు మిగలదు కాబట్టి, ఆ పాత స్లాబు మీకు ఎన్నేళ్లు నీడనిస్తుంది అన్నదే అసలు లెక్క. పదేళ్లు నిశ్చింతగా ఉండగలిగితే అది మంచి ఇల్లు; రెండేళ్లకే పడగొట్టవలసి వస్తే ఖాళీ స్థలం కన్న కనాకష్టం, ఎందుకంటే పడగొట్టే కూలి కూడా మీ నెత్తినే పడుతుంది.

పెచ్చు ఊడినంత మాత్రాన భయపడనక్కరలేదు, కాని అరచేయంత ఊడినచోట దాని చుట్టూ ఎంత బోలుగా ఉన్నదో చూడాలి. ఒక చిన్న సుత్తి, ఒక సుద్దముక్క పట్టుకుని పగటిపూట వెళ్లి, స్టూలు మీద నిలబడి పైకప్పును అడుగు అడుగునా మెల్లగా తట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల చువ్వ తుప్పుపట్టి పొర విడిపోయిన చోట కుండను తట్టినట్టు డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా పలికిన మేర సుద్దతో గీసుకుంటూ పోతే అరగంటలో పైకప్పు మీద ఒక పటం తయారవుతుంది. ఇల్లు అమ్మేవారు దీనికి అభ్యంతరం చెబితే అదీ ఒక సమాచారమే. ఆ కాలంలో ఎక్కువగా వాడినవి మెలితిప్పిన టోర్ చువ్వలు. వీటికి తుప్పు త్వరగా పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును కిందికి నెట్టేస్తుంది. నా లెక్కలో పైకప్పులో మూడో వంతుకు మించి డొల్ల పలికితే మరమ్మతు మాట మరచిపోవాలి. ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉంటే, వదులైన కాంక్రీటు చెక్కి తీసి, చువ్వను తీగల బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పు ఆపే పూత వేసి, మరమ్మతు మోర్టారుతో పూడ్చవచ్చు. అంతకుముందు మేడపైన నీరు ఎక్కడ నిలుస్తోందో చూసి ఆ కారుడు ఆపకపోతే ఆ పని అంతా వృథా.

రెండవది, చాలామంది చూడనిది. 18 అడుగుల వెడల్పు ఇళ్లలో స్లాబు ఎవరి గోడ మీద కూర్చున్నదో తెలుసుకోండి. మేడ ఎక్కి, పక్కింటికీ మీ ఇంటికీ మధ్య సన్నని సందు గీత ఉన్నదో లేదో చూడండి. గీత లేక రెండు స్లాబులు ఒకే గోడ మీద కలిసి ఉంటే అది ఉమ్మడి గోడ; రేపు పక్కవారు పడగొట్టి అయిదంతస్తులు లేపేటప్పుడు మీ ఇల్లు గాలిలో వేలాడుతుంది. ఇటువంటి ఇంటికి ధర తగ్గించి అడగడం కాదు, పక్కవారితో రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా ముందుకే పోకూడదు.

మీరు చెప్పిన ఆ మెట్టు నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది. 1978లో ఎవరూ మెట్టు దిగి లోపలికి వెళ్లే ఇల్లు కట్టుకోరు. రెండు మూడు మెట్లు ఎక్కేటట్టే కట్టుకుంటారు. పాత సిమెంటు రోడ్డును తవ్వకుండానే దానిమీద మళ్లీ మళ్లీ కొత్తది పరచడంతో గల్లీ లేచింది, ఇల్లు గుంతలో పడింది. గడప దగ్గర మట్టి గీకితే పాత మెట్ల అంచులు బయటపడవచ్చు. మోకాలి ఎత్తు ఉప్పు కూడా దీనికి సంబంధించినదే. నేలలోని చెమ్మ ఇటుకల్లోకి పైకి ఎక్కుతోంది. కొత్త రంగు కింద చెమ్మ ఎంతవరకు ఉన్నదో తెలియాలంటే, నాలుగైదు రోజుల వర్షం తరువాత వెళ్లి గోడకు అరచేయి ఆనించండి.

పడగొట్టి కట్టుకునే రోజుకు మీ స్థలానికి ఒక సౌకర్యం ఉన్నది. భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో కింది అంతస్తు, దానిపై ఒక అంతస్తు వరకు అనుమతి పత్రం కోసం తిరగనక్కరలేదు. రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే సరిపోతుంది. స్థలం వివాదంలోనో నిషేధిత జాబితాలోనో ఉండకూడదు. మీ స్థలం 60 చదరపు మీటర్లు కాబట్టి ముందు మీటరున్నర వదలాలి. అంటే 36 అడుగులలో 31 మిగులుతాయి. 18 అడుగులతో గుణిస్తే అంతస్తుకు 558 చదరపు అడుగులు, రెండు అంతస్తులకు 1,116. అడుగుకు రెండు వేలు వేసుకున్నా 22 లక్షలు దాటుతుంది. గల్లీ ఇరుకు కాబట్టి లారీ లోపలికి రాదు. ఇసుక, కంకర మలుపులో దింపి ట్రాలీ ఆటోలో, తరువాత తలమీద మోయించాలి. ఆ ఖర్చు విడిగా వేసుకోండి.

కరెంటు తీగలు, నీటి పైపులు ఎలాగూ పూర్తిగా మార్చవలసినవే, వాటిని పరిశీలిస్తూ సమయం పాడు చేసుకోకండి. పెచ్చులు, తీగలు, పైపులు, స్నానాలగది కలిపి అయిదు లక్షలు పక్కన పెట్టుకోండి. మేడమీద రేకుల గది తేలిక కాబట్టి ఫరవాలేదు, దాని స్థానంలో స్లాబు గది వేద్దామన్న ఆశ మాత్రం పెట్టుకోకండి.

సమాధానం 2: నాలా పక్క నివాసి

ఇంజినీరు గారు మెట్టు గురించి చెప్పినది చదివి నా కథ చెప్పక తప్పడం లేదు. నేను అయిదేళ్ల కిందట అక్కడికి దగ్గరలోనే 80 గజాల ఇల్లు కొన్నాను. మాకూ ఇలాగే కొత్త రంగు వేసి చూపించారు. మొదటి వానాకాలంలో ఒకరాత్రి స్నానాలగది జాలీలోంచి బుడబుడమని శబ్దం వచ్చింది. లేచి చూస్తే వీధి మ్యాన్‌హోల్ నిండి, మా ఇల్లు దానికంటే పల్లంలో ఉన్నందున, ఊరి మురుగు మా ఇంట్లోకి ఎదురు తన్నుతోంది. తెల్లారేదాకా మంచం మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాము. ఇల్లు అమ్మినవారికి ఈ సంగతి తెలియకుండా ఉండదు. మేము అడగలేదు, వారు చెప్పలేదు.

అందుకని మీరు అమ్మేవారిని అడగకండి, గల్లీని అడగండి. మూల మీది కిరాణా దుకాణంలో పావుకిలో చక్కెర కొని, 2020 అక్టోబరు 13 రాత్రి నీరు ఎక్కడిదాకా వచ్చిందో అడగండి. హైదరాబాదులో ఆ రాత్రి మరచిపోయినవారు ఉండరు. ఇస్త్రీ బండి ఆయనకు ఇంటింటి చరిత్ర తెలుసు. ఇంకొక పని చేయండి. తలుపులు తెరిచి ఉన్న ఇళ్లలోకి నడుస్తూ ఒక చూపు చూడండి. ఎన్ని ఇళ్లలో ఫ్రిజ్ ఇటుకల మీద ఉంది, వాషింగ్ మెషీన్ ఎత్తు స్టాండు మీద ఉంది, గడపకు అడ్డంగా సిమెంటు గట్టు ఎంత ఎత్తు ఉంది అన్నవి లెక్కపెట్టండి. ఏ సర్వే నివేదికా అంత నిజం చెప్పదు.

హుస్సేన్‌సాగర్ నుంచి పొంగిన నీరు అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి పక్క నుంచి గోల్నాక దాటి మూసీలో కలుస్తుంది. ఆ నాలాకు, అంటే వరదనీటి కాలువకు, మీ ఇల్లు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నదో పగలు నడిచి చూసుకోండి. 2021 తరువాత చేపట్టిన నాలాల అభివృద్ధి పనుల్లో ఈ నాలాకు గోడలు కట్టడం మొదలుపెట్టారు. కట్టినంతమేర ముంపు తగ్గిన మాట వాస్తవం. పది మీటర్లకు మించిన వెడల్పు ఉన్న నాలాకు తొమ్మిది మీటర్లు, అంతకు తక్కువైతే రెండు మీటర్లు వదలాలని నిబంధన. 2024 జూలైలో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడినప్పటి నుంచి ఈ కొలతలను తేలికగా తీసుకునేవారు తగ్గారు. బాగ్ అంబర్‌పేటలోని బతుకమ్మకుంటను మళ్లీ తవ్వి నీళ్లు నింపినది కూడా ఆ సంస్థే; ఒకప్పుడు చెరువు అని ఎవరూ నమ్మని చోట ఇప్పుడు నీళ్లున్నాయి.

ఇక బతుకు సంగతి. నాకు కోపం ఉన్నా, ఆ ప్రాంతం వదిలి వెళ్లాలని మాత్రం ఒక్కరోజూ అనుకోలేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారితే మీరు బేగంపేట చేరతారు. మీ ఆవిడ గారికి నారాయణగూడ తెల్లవారుజామున స్కూటరు మీద పది నిమిషాలు. విద్యానగర్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషను ఉన్నది గాని దాని వేళలను నమ్ముకుని ఉద్యోగం చేయలేము. 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా ఉక్కు వంతెన వచ్చిన తరువాత అటువైపు ప్రయాణం తేలికైంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి, ఫీవర్ ఆసుపత్రి, నల్లకుంట కూరగాయల మార్కెట్టు అన్నీ దగ్గరే. ఆదివారం ఉదయం రామ్‌నగర్ చేపల మార్కెట్టు వైపు పోకండి. మృగశిర కార్తె నాడైతే ఆ చుట్టుపక్కలకే పోకండి.

ఇబ్బందుల్లో మొదటిది హాస్టళ్లు. విశ్వవిద్యాలయం ఒకవైపు, అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాలు మరోవైపు ఉండడం వల్ల పాత ఇల్లు పడిన ప్రతిచోటా అయిదంతస్తుల హాస్టలు లేస్తోంది. ఒక కుటుంబం వాడిన మురుగు పైపులోకి అరవై మంది నీళ్లు వస్తాయి. మీ గల్లీలో ఇప్పటికి ఎన్ని హాస్టళ్లు ఉన్నాయి, ఇంకా ఎన్ని ఒంటి అంతస్తు ఇళ్లు మిగిలాయి అన్నది లెక్కపెడితే రాబోయే పదేళ్లు మీకే అర్థమవుతాయి. రైలు డబ్బా ఇంటికి వెలుతురు ముందునుంచి, వెనుకనుంచి మాత్రమే వస్తుంది. వెనుక ఇల్లు ఇంకా ఒంటి అంతస్తే అయితే, ఆ వెలుతురు మీకు శాశ్వతం కాదని అనుకుని ధర చెప్పండి. రాత్రి పదిన్నరకు ఒకసారి వెళ్లి, పార్కు చేసిన బండ్ల మధ్య నుంచి అంబులెన్సు రాగలదా అని కూడా చూడండి.

సమాధానం 3: ఉప్పల్ అవతల

క్షమించాలి, నేను వేరే మాట చెబుతాను. ఇదే లెక్కలో పడి రెండేళ్లు పాత ఇళ్లు చూసి, చివరకు పోచారంలో ఫ్లాటు తీసుకున్నాను. ప్రయాణం రోజుకు మూడు గంటలు అవుతుంది, నిజమే. కాని వర్షం పడితే నేను నిద్రపోతాను. 24 లక్షలే చేతిలో ఉన్నవారు, అందులో చివరి రూపాయి వరకు స్థలం మీద పెట్టి, తుప్పు పట్టిన చువ్వల కింద పాపను పడుకోబెట్టడం సాహసమనిపిస్తుంది. ఫ్లాటులో మీ వాటాకు వచ్చే స్థలం 40 గజాలో 45 గజాలో ఉంటుంది, అది ఎవరికీ చూపించలేనిది అని అంటారు. ఆ మాట ఒప్పుకుంటాను. అయినా ఇద్దరి ఉద్యోగాలు ఎప్పటికీ అక్కడే ఉంటాయన్న నమ్మకం ఉంటేనే ఆ గల్లీకి వెళ్లండి.

సమాధానం 4: దస్తావేజుల పరిశీలకుడు

గోడల సంగతి పెద్దలు చెప్పారు. నేను న్యాయవాదిని, కాగితాల సంగతి చెబుతాను. మీ ప్రశ్నలో నాకు రెండు చోట్ల గుండె ఆగినంత పనైంది: ఒకటి "ఇద్దరు అన్నదమ్ములు", రెండు "48 లక్షలు చూపించి".

రెండవది ముందు తేలుద్దాం. తెలంగాణలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం. 78 లక్షలకు 5.85 లక్షలు, 48 లక్షలకు 3.60 లక్షలు, మీకు "కలిసొచ్చేది" 2.25 లక్షలు. ఇప్పుడు బ్యాంకు వైపు చూడండి. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహరుణానికి ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలపరు. 78 లక్షలు రాస్తే గరిష్ఠంగా 62.40 లక్షలు వస్తుంది, 48 రాస్తే 38.40 మాత్రమే. అంటే రెండుంపావు లక్షలు మిగుల్చుకోబోయి 24 లక్షల అప్పు పోగొట్టుకుంటారు. ఆ దారిలో మీరు చేతినుంచి పెట్టవలసినది 43.20 లక్షలు, మీ దగ్గర ఉన్నది 24. కాబట్టి ఇది నీతి సమస్య దాకా కూడా పోలేదు, ఎక్కాల పుస్తకం దగ్గరే ఆగిపోయింది. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవారి మీదే అంత మొత్తం జరిమానాగా పడుతుంది. ఈ సంగతి ఆ అన్నదమ్ములకు మర్యాదగా చెప్పండి, బేరానికి పనికొస్తుంది. ధర 50 లక్షలు, ఆపైన అయితే అందులో ఒక శాతం ఆదాయపు పన్నుగా మినహాయించి మీరే కట్టాలని మరచిపోకండి.

ఇప్పుడు మొదటిది. తండ్రి సొంత సంపాదనతో కొన్న ఇల్లు, ఆయన వీలునామా రాయకుండా పోయారనుకుంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు వస్తాయి. ఇక్కడ చాలామంది 1985 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ, 2005 నాటి కేంద్ర సవరణ అంటూ తికమక పడతారు. అవి పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి గురించినవి. స్వార్జితానికి ఆ చర్చతో పనే లేదు. ఆడపిల్ల వాటా 1956 నుంచే ఉన్నది. "చెల్లెలికి పెళ్లప్పుడే కట్నం ఇచ్చేశాం" అన్న మాట చట్టం దగ్గర చెల్లదు. కాబట్టి ఆ కుటుంబంలో ఆడపిల్లలు ఉన్నారా, తల్లిగారు ఉన్నారా అని ముందుగా తెలుసుకోండి. ఉన్నవారందరూ అమ్మకపు దస్తావేజు మీద సంతకం చేయాలి, లేదా అన్నదమ్ముల పేర రిజిస్టరైన హక్కు విడుదల పత్రం ఉండాలి. తెల్లకాగితం మీద రాసిచ్చినది, నోటరీ చేయించినది లెక్కలోకి రావు.

ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. మీ స్థలం 1976లో కొన్నది కాబట్టి 1983కు ముందు సంవత్సరాలకు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత సూచికలు వెతికించి చేతిరాత ఈసీ తీసుకోవాలి. ఆ స్థలం రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల 22-ఏ జాబితాలో లేదని కూడా చూసుకోండి. అసలు దస్తావేజులు చూపించమని గట్టిగా అడగండి. జిరాక్సులు మాత్రమే చూపిస్తూ "అసలువి బీరువాలో ఉన్నాయి" అంటే, ఆ బీరువా ఏదైనా బ్యాంకుదో వడ్డీవ్యాపారిదో కావచ్చు. దస్తావేజులోని నాలుగు హద్దులు పట్టుకుని మీరే టేపుతో కొలవండి. కాగితంలో 72 గజాలు, నేలమీద 68 గజాలు ఉన్న ఇళ్లు నేను ఎన్నో చూశాను, ఆ నాలుగు గజాలు సాధారణంగా గల్లీలో కలిసి ఉంటాయి. ఇంటిపన్ను, నల్లా బిల్లు ఎవరి పేరున ఉన్నాయో, బకాయిలు ఎంతో చూడండి. పాత నల్లా బకాయి కొత్త యజమాని మెడకే చుట్టుకుంటుంది. బ్యాంకు న్యాయవాది పరిశీలిస్తారు గదా అని ఊరుకోకండి. ఆయన బ్యాంకు అప్పును కాపాడతారు, మీ 24 లక్షలను కాదు.

ప్రశ్న అడిగినవారి మలిమాట: అద్దె ఇంటి వాసి

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు పట్టింది, ఒక్కొక్కటిగా చెబుతాను.

సుత్తి పట్టుకుని వెళ్లాము. నా భార్య సుద్దతో గీస్తూ ఉంటే నేను తట్టాను. ముందుగదిలో పెచ్చు ఊడిన చోట చుట్టూ రెండడుగుల మేర, స్నానాలగది పైన మరొకచోట డొల్లగా పలికింది. మిగతాది గట్టిగానే ఉంది. తరువాత ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును రుసుము ఇచ్చి తీసుకెళ్లాము, ఆయన కూడా మరమ్మతు చేసుకుని ఉండవచ్చనే అన్నారు. మేడమీద తూర్పు పక్క సందు గీత స్పష్టంగా ఉన్నది. పడమటి వైపు మాత్రం ఉమ్మడి గోడ ఏడడుగుల పొడవున ఉన్నది, అది వెనుక భాగంలో, పిట్టగోడకు మాత్రమే పరిమితమని తేలింది.

కిరాణా దుకాణం ఆయన అక్టోబరు 13 గురించి అడగగానే తన గల్లా పెట్టె కింది అరలో చేయిపెట్టి చూపించారు: అంతవరకు నీరు. మా గల్లీ మలుపు దగ్గర రెండడుగులు వచ్చిందట, ఇంటిదాకా వచ్చేసరికి గడప దాటి చీలమండలోతు. నాలా పొంగి కాదు, మ్యాన్‌హోల్ పొంగి. మొత్తం గల్లీలో పదకొండు ఇళ్లకు గడప గట్టు ఉన్నది, రెండు ఇళ్లలో ఫ్రిజ్ ఇటుకల మీద ఉన్నది. హాస్టళ్లు ప్రస్తుతానికి రెండు.

ఆడపిల్ల ఉన్నారు. నిజామాబాద్‌లో ఉంటారు, తల్లిగారు 2011లో పోయారు. ఆ మాట ఎత్తగానే పెద్దన్న గారికి కోపం వచ్చి రెండు రోజులు ఫోను ఎత్తలేదు. తరువాత ఆయనే చేసి, చెల్లెలితో మాట్లాడతానన్నారు. నగదు మాట వారే వదిలేశారు. ముంపు, స్లాబు, ఉమ్మడి గోడ మూడూ ముందుపెట్టి బేరమాడితే ధర 71 లక్షలకు దిగింది, పూర్తి మొత్తం దస్తావేజులోనే. 80 శాతం అంటే 56.80 లక్షల అప్పు. మా చేతినుంచి 14.20 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 5.32 లక్షలు పోతే మరమ్మతుకు నాలుగున్నర లక్షలకు కొంచెం తక్కువ మిగులుతుంది. ఇంజినీరు గారు చెప్పిన అయిదుకు తక్కువే. స్నానాలగది టైల్సు ఒక ఏడాది ఆగుతాయి. చెల్లెలు వచ్చి సంతకానికి ఒప్పుకునేదాకా బయానా ఇవ్వబోమని చెప్పాము. పోచారం మిత్రుని మాట ఆలోచించకపోలేదు గాని, మూడు గంటల ప్రయాణం మా పాప నిద్రలేవకముందే మొదలై, పడుకున్నాక ముగుస్తుంది.

ఒక్కటి మాత్రం తేలలేదు. నేల మొత్తం రోడ్డుకంటే ఎత్తుకు, అంటే అడుగున్నర, మట్టిపోసి లేపితే ముంపు బాధ తీరుతుంది కదా? ఇంటి లోపలి ఎత్తు పదిన్నర అడుగులు ఉన్నది.

సమాధానం: విశ్రాంత సివిల్ ఇంజినీరు

పైకప్పుకు తొమ్మిది అడుగులు మిగులుతాయి, అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బంది తలుపులతో. ఇప్పుడు ఏడు అడుగుల దగ్గర ఉన్న లింటెల్, అంటే తలుపు పైని దూలం, అయిదున్నర అడుగులకు దిగుతుంది, మీరు వంగి నడవాలి. లింటెల్ పైకి లేపాలంటే బరువు మోసే గోడను ప్రతి తలుపు దగ్గరా పగలగొట్టాలి. నలభై ఎనిమిదేళ్ల గోడకు ఆ దెబ్బలు తగలనీయకండి. మీరు చెప్పినది మ్యాన్‌హోల్ నీరు, అదీ చీలమండలోతు కాబట్టి, గడపకు తొమ్మిది అంగుళాల గట్టు కట్టి, దానికి అటూ ఇటూ చిన్న మెట్టు వేసుకోండి. స్నానాలగది నేలను మాత్రం ఆరు అంగుళాలు లేపండి. దాని తలుపు ఎలాగూ మార్చేదే. మురుగు పైపు వీధి లైనులో కలిసే చోట నీటిని వెనక్కి రానీయని నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించి, ప్రతి సంవత్సరం మే నెలలో విప్పి కడిగించండి, వెంట్రుక అడ్డుపడినా అది మూసుకోదు. వాల్వు మూసుకున్నప్పుడు మీ ఇంటి నీరు కూడా బయటికి పోదు కాబట్టి, వర్షం పడే రాత్రి బట్టలు ఉతకవద్దని ఇంట్లో చెప్పి ఉంచండి.